జట్పురా గేటు లోపల పాత దుకాణాల భవనం: కూల్చి కట్టాలా, ఉన్నదాన్నే నిలబెట్టాలా?

పాత_మడిగెలు (ప్రశ్న)

మహారాష్ట్రలోని చంద్రపూర్ పాత ఊళ్లో, కోట గోడకున్న జట్పురా గేటు లోపలి వైపు, మా కుటుంబ వాటాదారులకు ఉమ్మడిగా ఒక దుకాణాల భవనం ఉంది. 1984లో కట్టింది. పొడవు 36 మీటర్లు, లోతు 15 మీటర్లు. కింద 18 మడిగెలు, పైన మొత్తం ఒకటే హాలు. మెట్లు ఒక్కటే, అవీ ఒక చివర. కింద 11 మడిగెలు నడుస్తున్నాయి. అందులో ఒకటి ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ, మిగతావి పాత పగడీ (మొదట్లోనే పెద్ద మొత్తం ఇచ్చి తక్కువ కిరాయికి ఉంటున్న) కిరాయిదారులవి. పై హాలు బట్టల గోడౌనుగా ఉండేది, ఇప్పుడు ఖాళీ. స్లాబు కింద పెచ్చులు ఊడి సలాకలు బయటపడ్డాయి. డాబా మీద ఒకదానిమీద ఒకటిగా రెండు మూడుసార్లు కోబా (నీరు దిగకుండా ఇటుక ముక్కలతో వేసే పొర) వేశారు, అయినా వానాకాలం కారుతుంది.

30 ఏళ్లు దాటిన భవనం కనుక స్ట్రక్చరల్ ఆడిట్ (కట్టడం బలం పరీక్ష) నివేదిక దాఖలు చేయమని మహానగరపాలిక నోటీసు ఇచ్చింది. వాటాదారుల్లో ఎక్కువమంది మొత్తం కూల్చేసి కింద పార్కింగు, పైన మూడంతస్తులు వేద్దామంటున్నారు. అందుకు ఒక ఆర్కిటెక్టు బొమ్మ కూడా గీసి ఇచ్చారు. కోట గోడ గూగుల్ మ్యాపులో సుమారు 80 మీటర్ల దూరం చూపిస్తోంది. నగర రచనా విభాగం (ప్లాన్లు మంజూరు చేసేది) ఇలాంటి ప్రతిపాదనలో ముందుగా ఏం చూస్తుంది? కిరాయిదారుల సంగతి ఎప్పుడు తేల్చుకోవాలి? ఆడిట్‌లో ఏ పరీక్షలు అడగాలి?

నక్షా_విభాగం

ఆ 80 మీటర్లు నిజమైతే మీ బొమ్మ పక్కన పెట్టేయండి. చంద్రపూర్ పాత కోట గోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో పురాతన కట్టడాల చట్టం సవరించాక నిషిద్ధ ప్రాంతంలో ప్రైవేటు వ్యక్తికి కొత్త నిర్మాణం అనుమతి రాదు. పాత భవనాన్ని కూల్చి అదే కొలతల్లో తిరిగి కట్టడాన్ని చట్టం ‘పునర్నిర్మాణం’ అంటుంది. దానికి నియంత్రిత ప్రాంతంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నిషిద్ధ ప్రాంతంలో దారి లేదు. మీ వాటాదారులందరికీ ఈ ముక్క ముందు అర్థం కావాలి. కూల్చిన మరుసటి రోజు నుంచి మీ చేతిలో ఉండేది ఖాళీ స్థలం మాత్రమే.

మీకు మిగిలిన దారి అదే చట్టంలోని 20సి సెక్షన్. 1992 జూన్ 16కు ముందే నిషిద్ధ ప్రాంతంలో ఉన్న భవనానికి మరమ్మతు, నవీకరణ చేసుకోవడానికి అది దరఖాస్తు హక్కు ఇస్తుంది. మీది 1984 నాటిది కనుక అర్హత ఉంది, కానీ దాన్ని కాగితంతో రుజువు చేయాలి. పాత మంజూరు నక్షా (ప్లాను), ఆ ఏళ్ల ఇంటిపన్ను ఆకారణి (పన్ను మదింపు) నకలు, కరెంటు కనెక్షన్ తేదీ, 1992కు ముందరి కిరాయి రసీదులు, బ్యాంకు పాత లీజు దస్తావేజు, వీటిలో కనీసం రెండు మూడు ఒకే మాట చెప్పాలి. పన్ను రికార్డులో పై అంతస్తు తర్వాతెప్పుడో ఎక్కి ఉంటే ఆ అంతస్తు మీదే మొదటి ప్రశ్న వస్తుంది. దాన్ని ముందే చూసుకోండి.

గూగుల్ కొలతను ఎవరూ ఒప్పుకోరు. భవనంలో గోడకు అతి దగ్గరి బిందువు నుంచి రక్షిత హద్దు వరకు కొలుస్తారు. గోడ రాయి ఎక్కడుందో అదే హద్దు అనుకోవద్దు. రక్షిత స్థలం సరిహద్దు దానికంటే బయటికి ఉండొచ్చు. పురావస్తు శాఖ స్థానిక కార్యాలయానికి రాసి ఉమ్మడి కొలత అడగండి. సర్వే నంబరు, మూలల అక్షాంశ రేఖాంశాలు ఉన్న నక్షా జతచేయండి. దరఖాస్తు జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వెళ్తుంది. చట్టం ప్రకారం సంబంధిత అధికారి 15 రోజుల్లో ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి, ఆపైన నెలలోపు అధికారి నిర్ణయం ఇవ్వాలి. అంటే ప్రశ్నలేమీ రాకపోతేనే మూడున్నర నెలలు. అనుమతి లేకుండా పని మొదలుపెడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక మహానగరపాలిక చూసేవి. మొదట యాజమాన్యం. మీ ఆఖీవ్ పత్రికలో (నగర సర్వే ఆస్తి కార్డు) నజూల్ పట్టా (ప్రభుత్వ భూమి లీజు) అని ఉందేమో చూడండి. విదర్భ పాత ఊళ్లలో ఇది మామూలే. పట్టా గడువు తీరిపోయి ఉంటే, లేదా నివాసానికి ఇచ్చిన భూమిలో దుకాణాలు నడుస్తుంటే, కలెక్టరు కార్యాలయంలో ఆ లెక్క తేలేదాకా నగర రచనా విభాగం ఫైలు కదలదు. వాటాదారుల్లో ఎవరైనా చనిపోయి ఉంటే వారసుల పేర్లు పత్రికలో ఎక్కాలి. తర్వాత రోడ్డు గీత. మంజూరైన వికాస్ ఆరాఖడా (నగర అభివృద్ధి ప్రణాళిక) ప్రకారం మీ ముందు రోడ్డు ఎంత వెడల్పు కావాలో భాగ నక్షా (అందులో మీ స్థలం వరకు ఉన్న ముక్క) తీసుకుని చూడండి. పాత ఊళ్లో రోడ్డు అంచుకు ఆనుకుని కట్టిన భవనాలే ఎక్కువ. కొత్తగా కడితే రాష్ట్ర ఏకీకృత భవన నియమావళి ప్రకారం ముందు ఖాళీ వదలాలి, కారుకు 2.5 × 5 మీటర్లు, రెండు చక్రాల బండికి 1 × 2 మీటర్లు చొప్పున పార్కింగు చూపాలి. 15 మీటర్ల లోతులో ఇవన్నీ వదిలాక కింద మిగిలేది ఎంతో మీ ఆర్కిటెక్టు లెక్కేసి చూపించారా? 100 మీటర్ల అడ్డంకి లేకపోయినా నేను ఈ ప్రశ్నే ముందు అడుగుతాను.

ఒకవేళ కొలతలో 100 దాటిందని తేలితే, పురావస్తు ఎన్ఓసీలో (అభ్యంతరం లేదనే పత్రం) ఎత్తు మీద వచ్చే షరతును బట్టే నక్షా గీయించండి. ముందు గీయించి తర్వాత కోయించడం దండగ.

కాంక్రీటు_పరీక్ష

నక్షా_విభాగం గారు చెప్పినదానివల్ల మీ ఆడిట్‌కు బరువు పెరిగింది. నివేదిక చివర భవనాన్ని ఒక వర్గంలో పెడతారు. సీ1 అంటే వెంటనే ఖాళీ చేసి కూల్చాలి. సీ2ఏ అంటే పూర్తిగానో కొంతగానో ఖాళీ చేసి పెద్ద మరమ్మతు చేయాలి. సీ2బీ అంటే ఖాళీ చేయకుండానే మరమ్మతు, సీ3 అంటే చిన్న మరమ్మతు. కిరాయిదారులను లేపడానికి సీ1 రాయించుకునే యజమానులు ఉంటారు. మీ విషయంలో అది మీ చెట్టును మీరే నరుక్కోవడం. అలాగని నిజంగా సీ1 స్థితిలో ఉన్నదాన్ని సీ2గా రాయించకండి. కింద 11 దుకాణాల్లో మనుషులు ఉన్నారు. నిజం తెలిసే పరీక్షలు చేయించి, వచ్చిన అంకెను ఒప్పుకోండి.

1984లో అమల్లో ఉన్న కోడు ఐఎస్ 456, 1978 ప్రతి. అప్పట్లో ఆర్‌సీసీకి కనీసం ఎం15 (15 మెగాపాస్కల్ బలమున్న కాంక్రీటు). స్లాబు కవరు (సలాక మీద ఉండే కాంక్రీటు మందం) 15 మి.మీ., బీముకు 25, పిల్లరుకు మామూలుగా 40. సలాకలు మెలితిప్పిన టోర్ స్టీలు అయ్యే అవకాశమే ఎక్కువ. ఇవి తుప్పుకు త్వరగా లొంగుతాయి.

రీబౌండ్ హ్యామర్ (ఉపరితలం మీద కొట్టి గట్టితనం చూసే సాధనం) ఒక్కటే కొట్టి అంకెలు రాసిచ్చే ఆడిట్ తీసుకోకండి. నలభై ఏళ్ల కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చి గట్టిపడి ఉంటుంది, హ్యామర్ అసలు బలం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఏ భాగం బాగుంది, ఏది బాగాలేదు అని పోల్చుకోవడానికే అది పనికొస్తుంది. అల్ట్రాసోనిక్ పరీక్షలో ధ్వని తరంగం వేగం సెకనుకు 3.5 కి.మీ. పైన ఉంటే మంచిది, 3 కంటే తగ్గితే లోపల బొక్కలో పగుళ్లో ఉన్నాయని అనుమానించాలి. పిల్లరుకు ఎదురెదురు ముఖాల మీద పెట్టి కొలవాలి. ఒకే ముఖం మీద కొలిస్తే పైపొర సంగతే తెలుస్తుంది.

కార్బొనేషన్ లోతుకు ఫినాఫ్తలీన్ ద్రావణం చాలు. అప్పటికప్పుడు పగలగొట్టిన ముఖం మీద చల్లితే క్షారం ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది, లేనిచోట రాదు. రంగు రాని లోతు 15 మి.మీ. దాటిందంటే స్లాబు సలాకలకు రక్షణ పోయినట్టే. బయటికి కనిపించని తుప్పుకు హాఫ్ సెల్ కొలత తీయించండి. రాగి-కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే తుప్పు నడుస్తున్నదనడానికి 90 శాతం అవకాశం. మైనస్ 200 కంటే పైన ఉంటే లేదనడానికి అంతే అవకాశం. కాంక్రీటు పూర్తిగా ఎండిపోయి ఉంటే ఈ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి, ముందు తడపాలి. చంద్రపూర్ ఎండాకాలంలో ఈ సంగతి మరిచిపోయి తీసిన కొలతలు దేనికీ పనికిరావు.

కోర్లు (కాంక్రీటులోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తప్పనిసరి. ఒక్కోచోట మూడు. బీము మధ్యలో కింది వైపు, పిల్లరులో అతుకుల దగ్గర తీయనివ్వకండి. ముందు స్కానరుతో సలాకలు గుర్తించాలి, సలాక తెగితే ఆ పిల్లరు బలం మీరే తగ్గించినట్టు. ఎం15కు సగటు 12.75 మెగాపాస్కల్, ఏ ఒక్కటీ 11.25 కంటే తగ్గకూడదన్నది కొత్త కాంక్రీటును ఒప్పుకునే కొలబద్ద. పాతదానికి పాసా ఫెయిలా అని కాకుండా వచ్చిన అసలు అంకెనే లెక్కలో పెట్టి, మీరు పైన ఏం నడపబోతున్నారో ఆ బరువుకు సరిచూడమనండి. దుకాణాలకు చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్లు, తరగతి గదులకు 3. గోడౌనుకైతే నిల్వ ఎత్తు ప్రతి మీటరుకు 2.4 చొప్పున, కనీసం 7.5. మీ పై హాలు దుకాణంగా డిజైన్ అయి గోడౌనుగా నడిచి ఉంటే స్లాబు, బీముల వంగుడు కొలిపించండి. మళ్లీ గోడౌను మాత్రం వద్దు.

డాబా మీది కోబా సంగతి. 120 మి.మీ. మందం ఒక పొర చదరపు మీటరుకు దాదాపు 230 కిలోలు. రెండు పొరలుంటే, మనుషులు, సామాను లేకుండానే స్లాబు మోయాల్సిన బరువులో చాలాభాగం అక్కడే అయిపోయింది. కారుతున్నదని ఇంకో పొర వేయడం ఈ ఊళ్లో అందరూ చేసేదే, స్లాబులు కుంగేదీ దానివల్లే. పొరలన్నీ తీసి 100కు 1 వాలుతో ఒకే పలచని వాటర్‌ప్రూఫింగు వేస్తే, పిల్లర్లకు ఏ మరమ్మతూ చేయకముందే భవనానికి ఊపిరి వస్తుంది.

పునాది దగ్గర కనీసం రెండు చోట్ల గుంట తవ్వి చూడండి. నల్లరేగడి అయితే ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది. గోడల మీద ఏటవాలు పగుళ్లు, తలుపు చట్రాలు బిగుసుకుపోవడం దాని గుర్తులు. వెనక డ్రైనేజీ కారుతున్న మూలలోనే ఇవి ఎక్కువగా ఉంటే ముందు ఆ పైపు బాగుచేయాలి.

కిరాయి_కాగితం

కిరాయిదారుల సంగతి నక్షాకంటే ముందు తేల్చుకోవాలి. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 1999లో మీకు పనికొచ్చే సెక్షన్లు మూడు. 16(1)(ఐ) కూల్చి కొత్తది కట్టడానికి, 16(1)(కె) మహానగరపాలిక కూల్చమని ఆదేశిస్తే, 16(1)(హెచ్) ఖాళీ చేయకుండా సాధ్యంకాని మరమ్మతుకు. కట్టలేని చోట (ఐ) కింద దావా వేస్తే నిలవదు, ఎందుకంటే మంజూరైన నక్షా, అంచనా, డబ్బు సిద్ధంగా ఉన్నాయని కోర్టుకు చూపాలి. మీది (హెచ్) కిందికి వస్తుంది. మరమ్మతు అయ్యాక కిరాయిదారుకు తిరిగి అదే చోటికి వచ్చే హక్కు ఉంటుంది.

బ్యాంకు వేరు. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు, చెల్లించిన మూలధనం కోటి రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీలు ఈ చట్టం రక్షణలోకి రావు. వాళ్లతో లీజు దస్తావేజే ప్రమాణం. గడువు తీరి నెలవారీగా నడుస్తుంటే ఆస్తి బదలాయింపు చట్టం 106 సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: బ్యాంకు స్ట్రాంగ్ రూము గోడలు, లాకరు బరువు మీ ఆడిట్ లెక్కలోకి రావాలి.

భవనం కూలితే కిరాయి హక్కు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మహానగరపాలిక కూల్చిన భవనం విషయంలోనే 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కట్టడం పోయినంత మాత్రాన కిరాయి హక్కు పోదని తేల్చింది. కాబట్టి ఏ పని మొదలుపెట్టేముందైనా ప్రతి మడిగె కార్పెట్ (గోడల లోపలి) వైశాల్యం, ముందు వెడల్పు, లోతు, ఎత్తు కొలిచి, కిరాయిదారు, యజమాని, ఇంజనీరు ముగ్గురి సంతకాలతో నక్షా తయారుచేయండి. పంచనామాలా ఫోటోలు జతచేయండి. ఒప్పందంలో ఏ మడిగె ఏ విడతలో ఎన్ని వారాలు మూసి ఉంటుందో, ఆ కాలానికి కిరాయి ఎలాగో, పని ఆలస్యమైతే ఏం చేస్తారో, తిరిగి వచ్చినప్పుడు పిల్లర్లు లావైనందువల్ల ఎంత వైశాల్యం తగ్గుతుందో రాయాలి. ఆఖరి మాట రాయకపోవడం వల్లనే తర్వాత గొడవలు వస్తాయి. పగడీ తీసుకున్న పాత రసీదులుంటే నకళ్లు తీసి పెట్టుకోండి, దాచకండి.

చట్టంలో ఏడాదికి 4 శాతం కిరాయి పెంపు ఉంది. చాలామంది యజమానులు దాన్ని ఏళ్ల తరబడి అడగరు, ఆ తర్వాత మరమ్మతుకు డబ్బు లేదంటారు.

పాత_మడిగెలు

అందరికీ ధన్యవాదాలు. కోట గోడ కొలతకు దరఖాస్తు పెడుతున్నాం. కూల్చే ఆలోచన ప్రస్తుతానికి ఆపాం. మరమ్మతు దారిలోనే అయితే మూడు సందేహాలు. ఒకటి, వెనక సందులో ఖాళీ ఉంది, అక్కడ ఇనప మెట్లు వేసి రెండో దారి చూపొచ్చా? రెండు, డాబా మీద రేకుల షెడ్డు వేస్తే కారడం ఆగుతుందని ఒకరు అంటున్నారు. మూడు, పై హాలులో కోచింగు క్లాసు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

నక్షా_విభాగం

మొదటి రెండూ కుదరవు, కారణం ఒకటే. చట్టంలో ‘నిర్మాణం’ అంటే అడ్డంగా గానీ నిలువుగా గానీ చేర్చే ఏదైనా. వెనక ఇనప మెట్లు అడ్డం చేర్పు, డాబా మీద రేకుల షెడ్డు నిలువు చేర్పు. బయట లిఫ్టు గుంట కూడా అంతే. మీ దరఖాస్తులో ఇవి ఒక్కటి కనిపించినా మొత్తం ఫైలు మరమ్మతు కాదు, నిర్మాణం అనిపించుకుంటుంది.

కానీ రెండో మెట్లు కావాల్సిందే. జాతీయ భవన కోడు ప్రకారం పై అంతస్తు దుకాణ వినియోగానికి 6 చదరపు మీటర్లకు ఒక మనిషి. మీ హాలు 540 చదరపు మీటర్లు, అంటే 90 మంది. మెట్లకు మనిషికి 10 మి.మీ. చొప్పున 900 వస్తుంది గానీ కనీస వెడల్పు 1.5 మీటర్లు. బయటపడే దారి దూరం 30 మీటర్లు దాటకూడదు. మీ మెట్లు ఒక చివర ఉండి హాలు 36 మీటర్ల పొడవైతే అవతలి మూల నుంచి అది దాటిపోతుంది. అంతస్తు 500 చదరపు మీటర్లు మించిన దుకాణ భవనం కనుక అగ్నిమాపక విభాగం దీన్ని వదలదు.

కాబట్టి రెండో మెట్లు భవనం లోపలే, అవతలి చివరి గడిలో (పిల్లర్ల మధ్య చోటు) స్లాబు కోసి వేయాలి. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు అనుకుంటే 150 మి.మీ. ఎత్తుతో 24 మెట్లు, రెండు విడతలుగా 12 చొప్పున. ఒక్కో విడత 300 మి.మీ. అడుగుతో 3.3 మీటర్లు, మలుపు చప్టా 1.5. మొత్తం దాదాపు 3.1 × 4.8 మీటర్ల చోటు. అంటే కింద ఒక మడిగెలో పెద్ద భాగం పోతుంది. ఖాళీగా ఉన్న ఏడింటిలో ఒకటి ఆ చివర లేకపోతే ఆ కిరాయిదారును ముందే ఖాళీ మడిగెలోకి మార్చే ఒప్పందం చేసుకోండి. మెట్లు నేరుగా రోడ్డు మీదికి తెరుచుకోవాలి, మరో దుకాణం లోంచి కాదు. ఇప్పుడున్న మెట్ల కింద కరెంటు మీటర్లు ఉంటే వాటిని బయటి గోడకు మార్చండి. పొగ మొదట నిండేది ఆ మెట్లలోనే.

కోచింగు క్లాసు వేరే వినియోగం. మనుషుల సాంద్రత దుకాణం కంటే చాలా ఎక్కువ, మెట్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మార్పుకు మహానగరపాలిక అనుమతి, అగ్నిమాపక ఎన్ఓసీ మళ్లీ కావాలి. నా సలహా: ఆఫీసులు లేదా షోరూము. ఏదైనా సరే, అగ్నిమాపక పరికరాలు లైసెన్సున్న ఏజెన్సీతో పెట్టించి ఫారం ఏ (పరికరాలు పెట్టామన్న ధ్రువపత్రం) తీసుకోండి, తర్వాత ప్రతి జనవరి, జులైలో ఫారం బీ (అవి పనిచేస్తున్నాయన్న ధ్రువపత్రం) దాఖలు చేయాలి. డాబా మీద 5,000 లీటర్ల ట్యాంకు పెట్టమంటే అది 5 టన్నులు. పిల్లర్ల వరుస మీద, కొత్త బీముల పైన తప్ప స్లాబు మధ్యలో పెట్టనివ్వకండి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేసేటప్పుడు లైసెన్సున్న ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఇద్దరి సంతకాలు ఉండాలి. రంగు, ప్లాస్టరు, గచ్చు వేరు. పిల్లరు, బీము, స్లాబు ముట్టుకుంటే నక్షా వేరు. ఉన్నదంతా నలుపులో, తీసేది పసుపులో, వేసేది ఎరుపులో చూపించండి. పరిశీలనకు వచ్చే ఇంజనీరు మొదట సరిచూసేది పాత మంజూరు నక్షాకూ ఇప్పుడు సైటులో ఉన్నదానికీ తేడా. ముందుకు పొడుచుకొచ్చిన రేకుల చూరు, ఫుట్‌పాత్ మీద కట్టిన అరుగులు వాళ్లు రాకముందే తీసేయండి. అవి ఉన్నంతసేపు మీ ఫైలులో అతిక్రమణ అన్న మాట ఉంటుంది. 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టేనని ఎవరైనా అంటే, ఆ సౌకర్యం నియమాలకు సరిపోయిన నక్షాకే, పురావస్తు ఎన్ఓసీకి అది బదులు కాదు. ప్రారంభ ధ్రువపత్రం (పని మొదలుపెట్టే అనుమతి) ఏడాది చెల్లుతుంది, ఏటా పొడిగిస్తూ మొత్తం నాలుగేళ్ల వరకు లాగొచ్చు.

సైటు_జాకీ

పని క్రమం గురించి చెబుతాను, అనుమతులన్నీ వచ్చాక మొదటి నెలలోనే చాలామంది పాడుచేసేది అక్కడే.

మొదట డాబా ఖాళీ. కోబా తీసేటప్పుడు పెద్ద బ్రేకరు వాడనివ్వకండి, చేత్తో ఉలి, సుత్తి. తీసిన రాళ్లు డాబా మీదే ఒకచోట కుప్ప పోస్తే తీసిన బరువంతా ఒక గడి మీదికి చేరుతుంది. అప్పటికప్పుడు కిందికి దింపాలి. తర్వాత జాకీలు (స్లాబును తాత్కాలికంగా మోసే ఇనప స్తంభాలు). పై స్లాబుకు జాకీ పెట్టి కింది స్లాబును వదిలేస్తే బరువు కింది స్లాబు మీద పడుతుంది. పైజాకీ కిందే సరిగ్గా కింది అంతస్తులోనూ జాకీ ఉండాలి, నేల మీద పలక వేసి. మీటరు నుంచి మీటరుంబావు దూరంలో. అందుకే ఒక గడి మరమ్మతంటే కింద ఆ మడిగె కూడా మూతపడుతుంది. ఒకేసారి ఒకదాని పక్కన ఒకటి కాకుండా గడి విడిచి గడి చేయండి.

స్లాబు మరమ్మతులో ఊడిన పెచ్చు వరకే తీసి పూయడం పనికిరాదు. సలాక వెనక 20 నుంచి 25 మి.మీ. ఖాళీ వచ్చేదాకా కొట్టాలి, తుప్పు లేని సలాక కనిపించేదాకా పొడవునా పోవాలి. లేకపోతే పాచ్ అంచు పక్కనే ఏడాది తిరక్కుండా మళ్లీ తుప్పు మొదలవుతుంది. తుప్పు గీకాక వెర్నియరుతో కొలవండి. 12 మి.మీ. సలాక 10.8కి వచ్చిందంటే చూడ్డానికి పదోవంతే తగ్గింది, వైశాల్యంలో మాత్రం 19 శాతం పోయింది. అక్కడ పక్కన కొత్త సలాక కలపాలి, అతుకు పొడవు ఇంజనీరు రాసివ్వాలి. జింక్ ప్రైమరు, ఆపైన బాండు కోటు, అది ఇంకా జిగటగా ఉండగానే పాలిమర్ మోర్టారు, ఒక్కో పొర 10 నుంచి 15 మి.మీ. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, ఎపాక్సీ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. ఎండిపోయిన బాండు కోటు మీద మోర్టారు వేస్తే అది అతికించదు, విడదీస్తుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపండి. చిన్న డబ్బాలే కలపండి.

పిల్లర్లకు జాకెటింగు (చుట్టూ కొత్త కాంక్రీటు తొడగడం) వస్తే ఐఎస్ 15988 చెప్పే కనీస మందం 100 మి.మీ., కాంక్రీటు పాతదానికంటే కనీసం 5 మెగాపాస్కల్ ఎక్కువ. 230 × 300 పిల్లరు 430 × 500 అవుతుంది. ప్రతి మడిగె ముందు వెడల్పులో అంతమేర తగ్గుతుంది, కిరాయి_కాగితం గారు రాయమన్నది ఇదే. పాత ముఖం గరుకు చేసి, రంధ్రాలు వేసి డోవెల్స్ (పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపే సలాక ముక్కలు) దించి, దుమ్ము గాలితో ఊది శుభ్రం చేయాలి. నేల మట్టం దగ్గర జాకెట్టు ఆపేస్తే ఆ పని వృథా, ఫుటింగు దాకా దించాలి. పైన బీము కింద చివరి జానెడు చోట కాంక్రీటు దిగదు, అక్కడ కుంచించుకుపోని గ్రౌటు పోయాలి.

రెండో మెట్లకు స్లాబు కోసేముందు చుట్టూ కొత్త బీములు కట్టి, అవి పూర్తి బలం పుంజుకున్నాకే కోత. కట్టరుతో కోయాలి, కొట్టి కాదు.

పై హాలులో అడ్డుగోడలు ఇటుకతో వద్దు. 115 మి.మీ. ఇటుక గోడ 3 మీటర్ల ఎత్తులో మీటరుకు దాదాపు 650 కిలోలు. 100 మి.మీ. ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకు అయితే 200 కిలోల లోపు. బూడిద ఇటుకలు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి, థర్మల్ స్టేషను పక్కనే కదా. కానీ బరువులో అవి ఎర్ర ఇటుకకు పెద్ద తేడా కాదు, కింద నేల మీది గోడలకు వాడుకోండి.

కాలం లెక్క కూడా చూసుకోండి. దీపావళి అమ్మకాలు అయిపోయాక మడిగెలు మూయించడం సులువు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పిల్లర్లు, స్లాబు. ఏప్రిల్ లోపు డాబా వాటర్‌ప్రూఫింగు అయిపోవాలి. దాని మీద 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద తడి మచ్చ లేదని చూసుకున్నాకే పైన పలకలు వేయండి. జూన్ మధ్యలో వాన పడేదాకా ఆగి, కారితే చూద్దామంటే అప్పటికి కింద కొత్త ప్లాస్టరు వేసి ఉంటారు, లీకు ఎక్కడిదో దొరకదు.

జాకీలు తీసేది కూడా ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పాకే, పై అంతస్తువి ముందు, కిందివి తర్వాత. తీసేటప్పుడు బీము మధ్యలో డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే సాధనం) పెట్టి ఎంత దిగిందో రాయించండి. ఆ కాగితం భోగవటా (భవనం వాడుకోవచ్చన్న) ధ్రువపత్రానికి దరఖాస్తు చేసేటప్పుడు స్థిరత్వ ధ్రువపత్రంతో జతచేయొచ్చు.